రెండు ఈఆర్‌జీ రిపోర్టుల్లో అంకెలు తేడా వస్తే జబ్బు ముదిరినట్టేనా?

ప్రశ్న క్లుప్తంగా: మా బాబుకి 17 ఏళ్ళు. చీకట్లో కనపడటం లేదంటే చూపించాం, రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే ఆర్పీ అన్నారు, కంటి లోపలి రెటీనా పొర మెల్లగా పాడయ్యే జబ్బట. మాది మేనరికం. పోయినేడాది ఒక ఆసుపత్రిలో రెటీనా కరెంటుని కొలిచే ఈఆర్‌జీ చేస్తే చీకటి పరీక్షలో బీ-వేవ్ అనే అల ఎత్తు 142 మైక్రోవోల్టులు వచ్చింది. ఈ నెల వేరే ఊళ్ళో చేయిస్తే 96 వచ్చింది. లెక్కేస్తే 32 శాతం తగ్గింది. ఏడాదిలో మూడో వంతు చూపు పోయినట్టేనా? రెండు రిపోర్టులూ కింద పెట్టాను. నిద్ర పట్టడం లేదు.

జవాబు:

అమ్మా, ముందు అసలు సంగతి చెప్పేస్తాను. ఈ రెండు కాగితాలు చూసి మీ బాబు రెటీనా ఏడాదిలో మూడో వంతు పాడైందని నేను అనను. ఏమీ కాలేదని కూడా అనను. మీరు అడిగినదానికి జవాబిచ్చే సత్తా ఆ రెండు అంకెలకి లేదు. ఎందుకు లేదో రాస్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను డాక్టర్ని కాను, ఆప్టోమెట్రిస్టుని. ఇరవై రెండేళ్ళుగా ఈ పరీక్ష చేసే చీకటి గదిలోనే నా ఉద్యోగం. మీలా రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని టెన్షన్ పడుతూ వచ్చినవాళ్ళని వందలమందిని చూశాను.

మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే, వేలు గుచ్చి చూసుకునే మిషను ఉండే ఉంటుంది. పొద్దున 132 వచ్చిందనుకోండి, అనుమానమొచ్చి పక్క వేలు గుచ్చితే 141 అంటుంది. రెండు నిమిషాల్లో ఒంట్లో షుగర్ పెరగలేదు కదా. ఆ తొమ్మిది పాయింట్లు మిషనువి, వేలివి, చుక్క రక్తానివి. ఈఆర్‌జీ కూడా అంతే, కాకపోతే దాని ఊగిసలాట ఇంకా పెద్దది. కంట్లో వెలుగు మెరిసినప్పుడు రెటీనాలో పుట్టే కరెంటుని కొలిచే పరీక్ష ఇది. ఆ కరెంటు ఎంత? మీ బాబుకి వచ్చిన 142 మైక్రోవోల్టులంటే, గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్‌లో సుమారు పదివేలో వంతు. కన్ను ఆర్పినా, పళ్ళు బిగబట్టినా అంతకంటే పెద్ద అలలు స్క్రీన్ మీద లేస్తాయి. అంత చిన్నదాన్ని పట్టుకునే పనిలో రెండుసార్లూ ఒకే అంకె వస్తే ఆశ్చర్యపోవాలి గానీ, తేడా వస్తే కాదు.

ఇప్పుడు మీ రిపోర్టులు. మొదటిదాంట్లో ఎలక్ట్రోడ్ దగ్గర 'జెట్' అని ఉంది. రెండోదాంట్లో 'డీటీఎల్' అని ఉంది. మీరు దీన్ని గమనించి ఉండరు, గమనించాల్సిన అవసరం మీకు లేదు కూడా. కానీ నా కళ్ళు ముందు వెళ్ళింది అక్కడికే. జెట్ అంటే కాంటాక్ట్ లెన్స్‌లా నల్లగుడ్డు మీద కూర్చునే రకం. డీటీఎల్ అంటే వెంట్రుక కంటే సన్నటి, వెండి పూత వేసిన నైలాన్ పోగులు. వాటిని కింది రెప్ప అంచు వెంబడి వేస్తాం. లెన్స్ రకానికి అంకెలు పెద్దగా వస్తాయి, పోగుకి తగ్గుతాయి. చిన్నపిల్లలకి కంటి కింద చర్మం మీద అంటించే పట్టీలు వాడతాం, వాటికైతే ఇంకా చాలా తగ్గుతాయి. అందుకే ఏ ఎలక్ట్రోడ్ వాడితే దానికి తగ్గ నార్మల్ రేంజ్ ల్యాబులో విడిగా పెట్టుకోవాలి. ఒకటి కిలోల్లో, ఇంకొకటి శేర్లలో తూచి బియ్యం తగ్గాయంటే ఎలా ఉంటుందో, 142 పక్కన 96 పెట్టి తీసివేత చేయడం అలా ఉంటుంది. మీ 32 శాతంలో ఈ ఒక్క తేడాకే ఎంత పోతుందో ఎవరూ చెప్పలేరు. మొత్తం పోయినా నేను ఆశ్చర్యపోను.

ఆ పోగు గురించి ఇంకొంచెం చెప్పాలి. పేషెంటుని పైకి చూడమని, కింది రెప్పని వేలితో కిందికి లాగి, ముక్కు పక్కన ఒక కొస, కణత వైపు ఇంకో కొస అంటిస్తాం. పోగు సరిగ్గా నల్లగుడ్డు కింది అంచుకి తగులుతూ ఉండాలి. పది నిమిషాలయ్యేసరికి కన్నీళ్ళు ఊరతాయి, పేషెంటు రెప్పలాడిస్తాడు, పోగు మెల్లగా జారి రెప్ప లోపలి సంచిలోకి దిగిపోతుంది. నొప్పి ఉండదు కాబట్టి పేషెంటు చెప్పడు. అది లోపలికి దిగితే అల ఎత్తు తగ్గుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలేజీ అమ్మాయికి చేస్తున్నాను. ఎడమ కన్ను బాగానే ఉంది, కుడి కన్ను దాదాపు సగం. ఒక కంటికే జబ్బు అని నా బుర్రలో కథ అల్లేసుకున్నాను, ప్రింట్ కూడా కొట్టాను. తీసేటప్పుడు ఎర్ర లైటు వేసి చూస్తే కుడి కంటి పోగు కనపడనే లేదు, మొత్తం లోపలికి వెళ్ళిపోయింది. సరిచేసి మళ్ళీ తీస్తే రెండు కళ్ళూ సమానం. ఆ ప్రింటు చించేసి చెత్తబుట్టలో వేశాను. చూసి ఉండకపోతే ఆ పిల్లకి ఏ జబ్బు పేరు తగిలించేవాళ్ళో. అప్పట్నుంచి ప్రతి దశకీ ముందు ఎర్ర లైటులో పోగు చూస్తాను.

చీకటి గురించి. చీకట్లో చూపునిచ్చే రాడ్స్ అనే దండ కణాల బలం చూడాలంటే కనీసం 20 నిమిషాలు పూర్తి చీకట్లో కూర్చోబెట్టాలి. ఐసెవ్ అనే అంతర్జాతీయ సంస్థ 1989లో ఈ పరీక్షకి మొదటి ప్రామాణిక పద్ధతి రాసింది, 2022లో తాజాగా సవరించింది. అంతకుముందు ఒక్కో ల్యాబుది ఒక్కో దారి. ఇప్పుడు దాదాపు అందరూ అదే పాటిస్తున్నామంటారు. కానీ కాగితం మీద 20 నిమిషాలు వేరు, గదిలో 20 నిమిషాలు వేరు. తోడుగా కూర్చున్నాయన టైం చూడటానికి ఫోన్ తీస్తాడు. ఎవరో తెలియక తలుపు తీస్తారు. చీకటికి అలవాటు పడ్డ కంటికి ఫోన్ వెలుగు తక్కువేం కాదు. నా గదిలోకి ఫోన్లు రానివ్వను, దీనికి నన్ను తిట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

మీరు రాసినదాంట్లో ఇంకో మాట ఉంది: రెండోసారి 'ముందు ఫోటోలు తీసి, వెంటనే ఈ పరీక్షకి పంపారు' అని. ఫండస్ ఫోటో, అంటే కంటి లోపలి వెనక భాగాన్ని తీసే ఫోటో, దాని ఫ్లాష్ చాలా గట్టిది. అలాంటి వెలుగు పడితే, చీకట్లో కూర్చోబెట్టే ముందు మామూలు గది వెలుతురులో కనీసం అరగంట గడవాలి. అసలు ఈఆర్‌జీ ముందు చేసి ఫోటోలు తర్వాత తీయడం మేలు. ఓపీలో రద్దీ ఉన్నప్పుడు ఏ గది ఖాళీగా ఉంటే ఆ గదికి పంపుతారు. అక్కడే తప్పు జరుగుతుంది.

కంటిపాప సంగతీ చూడండి. చుక్కలు వేశాక మొదటిసారి 8 మిల్లీమీటర్లు, రెండోసారి 6 అని రాశారు. రెండే మిల్లీమీటర్లు కదా అనిపిస్తుంది. కానీ లోపలికి వెళ్ళే వెలుగు కంటిపాప వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. 8ని 8తో గుణిస్తే 64, 6ని 6తో గుణిస్తే 36. అంటే రెండోసారి ఫ్లాష్ అదే అయినా రెటీనా మీద పడింది దాదాపు 56 శాతమే. మనలాంటి నల్లకళ్ళకి చుక్కల మందు నిదానంగా పనిచేస్తుంది, ఇంకో పదిహేను నిమిషాలు ఆగాల్సింది.

ఇక వెలుగులో చేసే భాగం, రోజులో ఏ వేళ చేశారు, ఎర్త్ సరిగా లేని గదిలో ట్యూబ్‌లైట్ నుంచీ ఛార్జర్ నుంచీ వచ్చే 50 హెర్ట్జ్ గోల, ఇవన్నీ కూడా కలుస్తాయి. వాటి జోలికి ఇక్కడ పోను. ఒక్క మాట మాత్రం: ఆ గోల తీసేయడానికి నాచ్ ఫిల్టర్ వేసేసి అల నున్నగా ఉందని మురిసిపోయే ల్యాబులున్నాయి. ఆ ఫిల్టర్ అసలు అల ఆకారాన్నీ మార్చేస్తుంది. ఎర్త్ బాగుచేయించుకోవాలి గానీ అలకి మేకప్ వేయకూడదు.

సరే, అన్నీ సరిగ్గా చేశారనుకుందాం. అదే ల్యాబు, అదే ఎలక్ట్రోడ్, అదే చెయ్యి. అప్పుడు కూడా తేడా వస్తుంది. ఎంత తేడా వస్తే నిజమైన మార్పు అనాలి? దీనికి ఒక లెక్క ఉంది, పెద్ద కష్టమేం కాదు. ఇరవై ముప్ఫై మందికి, జబ్బు మారడానికి అవకాశం లేనంత తక్కువ వ్యవధిలో, అంటే రెండు వారాల్లోపు, పరీక్ష రెండుసార్లు చేయాలి. ఒకే మనిషిలో అంకె ఎంత ఊగుతోందో దాన్నిబట్టి తేలుతుంది. ఆ ఊగుని 2.77తో గుణిస్తే వచ్చేది గీత. ఆ గీత దాటితేనే, అది కూడా 95 శాతం నమ్మకంతోనే, మార్పు అనొచ్చు. 2.77 ఎక్కడిదంటే, 95 శాతానికి వాడే 1.96ని రూట్ 2తో గుణించగా వచ్చింది. రూట్ 2 ఎందుకంటే ఊగేది ఒక్క అంకె కాదు, మొదటిదీ ఊగుతుంది, రెండోదీ ఊగుతుంది. మొదటి రిపోర్టుని దేవుడి మాటలా పట్టుకుని రెండోదాన్నే అనుమానించడం అందరం చేసే పొరపాటు. మీ 142 కూడా ఆరోజు కొంచెం ఎక్కువగా వచ్చి ఉండొచ్చు.

ఉదాహరణకి ఒక ల్యాబు ఊగు 10 శాతం అనుకుందాం. ఇక్కడ లెక్క లాగరిథమ్ మీద చేయాలి, ఎందుకంటే సగానికి పడిపోవడం, రెట్టింపవడం ఒకే అడుగు, దిశ మాత్రమే వేరు. అలా చేస్తే తగ్గేవైపు గీత సుమారు 24 శాతం దగ్గర పడుతుంది. ఊగు 15 శాతం అయితే గీత 34 శాతం దగ్గరికి పోతుంది. మీ బాబుది 32. అంటే ఊగు 10 శాతం ఉన్న ల్యాబులో అయితే మార్పు, 15 శాతం ఉన్న ల్యాబులో అయితే ఏమీ లేదు. అంకె అదే, తీర్పు మారిపోయింది. అందుకే ఏ ల్యాబుకి వెళ్ళినా నేను అడగమనే ప్రశ్న ఒకటే: 'మీ దగ్గర ఇదే పరీక్ష మళ్ళీ చేస్తే ఎంత తేడా వస్తుంది?' జవాబు రాకపోతే వాళ్ళ అంకెలతో తీసివేతలు చేయకండి. మీ విషయంలో రెండూ వేర్వేరు ల్యాబులు కాబట్టి ఈ గీత కూడా పనికిరాదు, ఇంకా దూరం జరుగుతుంది.

ఆర్పీ ఉన్నవాళ్ళలో ఇది మరీ కష్టం. స్క్రీన్ మీద ఎప్పుడూ ఉండే గోల ఐదు మైక్రోవోల్టులు అనుకోండి. 300 వచ్చే కంట్లో అది లెక్కలోకి రాదు. 10 వచ్చే కంట్లో అది సగం. అల చిన్నదయ్యేకొద్దీ శాతాల్లో ఊగు పెరుగుతుంది. మామూలు ఆరోగ్యవంతుల మీద లెక్కగట్టిన గీతని ఆర్పీ పేషెంటుకి వాడకూడదనేది ఇందుకే. విరుగుడుగా ఎక్కువ ఫ్లాష్‌లు వేసి సగటు తీస్తాం, నాలుగు కలిపితే గోల సగమవుతుంది, వంద కలిపితే పదో వంతు. కానీ చీకటి పరీక్షలో గట్టి ఫ్లాష్‌కి ఫ్లాష్‌కి మధ్య 10 సెకన్లు, ఇంకా గట్టిదానికి 20 సెకన్లు ఆగాలి, లేకపోతే కన్ను చీకటి మరిచిపోతుంది. వంద వేయడం అయ్యే పని కాదు. సెకనుకి 30 సార్లు మెరిసే ఫ్లికర్‌కి ఆ బాధ లేదు, నిమిషంలో ఎన్నో పోగవుతాయి. బాగా ముదిరిన ఆర్పీలో చివరిదాకా కొలవగలిగేది తరచుగా అదే.

ఇక్కడ అందరూ తెలుసుకోవాల్సిన సంగతొకటి ఉంది. అమెరికాలో ఎలియట్ బెర్సన్ అనే డాక్టర్ ఆర్పీ పేషెంట్లని మూడేళ్ళు వెంటాడి 1985లో ఒక లెక్క చెప్పారు: ఈఆర్‌జీలో మిగిలి ఉన్నదాంట్లో ఏటా సగటున 16 శాతం తగ్గుతుందని. ఇది గుంపు సగటు, జీన్‌ని బట్టి ఒక్కొక్కరి వేగం వేరు. అయినా ఆ అంకెని మన గీత పక్కన పెట్టి చూడండి. ఏడాదికి తగ్గేది 16, పరీక్ష తనంతట తాను ఊగేది 24 నుంచి 34. నిజంగా జబ్బు తన వేగంతో ముదురుతున్నా ఏడాదిలో ఈ పరీక్ష దాన్ని పట్టుకోలేదు. మూడేళ్ళకి చూస్తే 100 ఉన్నది 59 అవుతుంది, అంటే 41 శాతం తగ్గుదల. అప్పుడు గీత దాటుతుంది. మరి ఏటా చేయించడం దండగా అంటే, కాదు. ఏటా ఒక చుక్క పెట్టుకుంటూ పోతే నాలుగు చుక్కల మధ్య గీసిన వాలు రెండు చుక్కల కంటే చాలా గట్టిది. కానీ ఏ ఏటికాయేడు తీసివేత చేసి ఏడవకూడదు.

మీ రిపోర్టుల్లో ఎత్తులు పక్కన పెట్టి ఇంకో రెండు అంకెలు చూశాను. ఒకటి ఏ-వేవ్, బీ-వేవ్ నిష్పత్తి. ఏ-వేవ్ వెలుగుని పట్టే కణాలది, బీ-వేవ్ వాటి వెనక వరసలో ఉండే కణాలది. మొదటిసారి 95కి 142, అంటే ఒకటిన్నర. రెండోసారి 64కి 96, అదీ ఒకటిన్నరే. జెరాక్స్ మిషన్లో బొమ్మని 67 శాతానికి తగ్గించినట్టు మొత్తం ఒకే కొలతలో కుదించుకుపోయింది. ఎలక్ట్రోడ్ మారితే జరిగేది సరిగ్గా ఇదే. అయితే నిజాయితీగా చెప్పాలి, వెలుగు పట్టే కణాలు తగ్గినా రెండు అలలూ కలిసే తగ్గుతాయి, కాబట్టి ఇది నిరూపణ కాదు. రెండోది ఫ్లికర్ టైమింగ్. అల ఎత్తు ఎలక్ట్రోడ్‌ని బట్టి మారుతుంది గానీ, అల ఎప్పుడు లేచిందనేది అంతగా మారదు. మళ్ళీ మళ్ళీ చేసినా నిలకడగా ఉండేది టైమింగే. మీ బాబుకి మొదటిసారి 37 మిల్లీసెకన్లు, రెండోసారి 37.5. మామూలు కంటే ఆలస్యమే, ఆర్పీలో ఉండేదే. కానీ ఏడాదిలో కదల్లేదు. నాకు కొంచెం ధైర్యంగా అనిపించింది దీన్ని చూసే.

మిషన్లు అమ్మేవాళ్ళ బ్రోషర్లలో 'మా మిషను కోరిలేషన్ 0.95' అని పెద్దక్షరాల్లో రాస్తారు. డాక్టర్లు కూడా దానికి తల ఊపుతారు. 400 వచ్చే ఆరోగ్యవంతుల్నీ 20 వచ్చే పేషెంట్లనీ ఒకే గంపలో వేసి రెండుసార్లు కొలిస్తే, ఎంత ఊగే మిషనుకైనా కోరిలేషన్ బ్రహ్మాండంగా వస్తుంది. 400 వాడు రెండోసారి 330 వచ్చినా 20 వాడికంటే పైనే ఉంటాడు కదా. ఎవరు పైన ఎవరు కింద అన్నది కోరిలేషన్ చెబుతుంది. ఒకే మనిషి అంకె నిలకడగా ఉందా అన్నది చెప్పదు. బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే ఇద్దరు బ్రిటిష్ స్టాటిస్టిషియన్లు 1986లో లాన్సెట్ పత్రికలో ఈ సంగతి విడమరిచి రాశారు. నలభై ఏళ్ళు కావస్తున్నా బ్రోషర్లు మారలేదు.

ఇప్పుడేం చేయాలి. వచ్చే నెలే ఇంకో ఊరు వెళ్ళి మూడో ఈఆర్‌జీ చేయించకండి, మూడో అయోమయం మిగులుతుంది. రెండింటిలో మీకు దగ్గరగా ఉన్నదో, నమ్మకం ఉన్నదో ఒకటి ఎంచుకుని, ఇకమీదట అక్కడే, అదే ఎలక్ట్రోడ్‌తో, వీలైతే ఒకే వేళకి చేయించండి. వాళ్ళు ఒప్పుకుంటే కొన్ని వారాల తేడాతో రెండుసార్లు చేయించి ఆ సగటుని మొదటి చుక్కగా పెట్టుకోండి, గీత దగ్గరవుతుంది. వెళ్ళినరోజు ఫోటోల కంటే ముందు ఇది చేయమని అడగండి, మొహమాటపడకండి. అంకెల టేబుల్ ఒక్కటే కాకుండా అలల బొమ్మలున్న పేజీలు కూడా తీసుకోండి. ప్రతి ఫ్లాష్‌కి కనీసం రెండు గీతలు ఒకదానిమీద ఒకటి వేసి ఉండాలి. అవి రెండూ అతుక్కుని ఉంటే ఆరోజు పరీక్ష బాగా జరిగినట్టు. ఒకటి కొండెక్కి ఒకటి లోయలో ఉంటే ఆ అంకెని నమ్మొద్దు.

ఈలోగా ఎక్కువ ఉపయోగపడేది ఓసీటీ స్కాన్ (రెటీనా పొరల్ని చూపేది), విజువల్ ఫీల్డ్ (చుట్టూ ఎంతమేర కనపడుతోందో చూసేది). ఓసీటీ ముఖ్యంగా ఎందుకంటే ఆర్పీలో కొందరికి మచ్చ, అంటే రెటీనా నడిమధ్య ఉండే మాక్యులా దగ్గర నీరు చేరుతుంది, అది మందులతో తగ్గించుకోగలిగినది. బాబు చదివేటప్పుడు అక్షరాలు వంకరగా ఉన్నాయన్నా, ఒక్కసారిగా మసకబారిందన్నా ఈఆర్‌జీ కోసం ఆగకుండా వెంటనే రెటీనా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మేనరికం అన్నారు కాబట్టి ఆ డబ్బేదో జీన్ పరీక్షకి పెట్టండి. ఆర్‌పీఈ65 అనే జీన్ లోపానికి అమెరికాలో 2017 డిసెంబరులో జీన్ థెరపీకి అనుమతి వచ్చింది. అది కొద్దిమందికే వర్తిస్తుంది, మీవాడికి అదే ఉందని ఆశపెట్టడం లేదు. కానీ ఏ జీనో తెలిస్తే ఎంత వేగంగా ముదురుతుందో కొంతైనా అంచనా వస్తుంది, బాబు చెల్లికి పరీక్ష అవసరమా అన్నదీ తేలుతుంది. స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో నయం చేస్తామని ఫోన్లు వస్తే పెట్టేయండి.

ఇంకొక్కటి, ఎప్పుడో ఒకసారి మీ చెవిన పడుతుంది కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. కొన్నేళ్ళకి రిపోర్టులో 'నాన్ రికార్డబుల్' అని రావచ్చు. దానర్థం చూపు లేదని కాదు, రెటీనా మొత్తం కలిపి ఇచ్చే కరెంటు మిషను గోల కింద మునిగిపోయిందని. మొత్తం రెటీనాలో మధ్యనున్న మచ్చ వాటా చాలా చిన్నది, కానీ చదవటానికి, మొహాలు గుర్తుపట్టడానికి అదే కావాలి. నాన్ రికార్డబుల్ అని నేనే రాసిచ్చినవాళ్ళు ఎదురుగా కూర్చుని ఆ రిపోర్టు చదువుకుంటూ నన్ను ప్రశ్నలడిగారు.

రెండో రిపోర్టులో మూడో పేజీ మీరు పెట్టలేదు, 30 హెర్ట్జ్ అలలు అందులోనే ఉంటాయి. ఆ పేజీ ఫోటో తీసి పెట్టండి. 30 హెర్ట్జ్‌లో 33 మిల్లీసెకన్లకొక ఫ్లాష్ పడుతుంది కాబట్టి 37 దగ్గర కనపడే శిఖరం అంతకుముందు ఫ్లాష్‌దా, ఆ ఫ్లాష్‌దా అని కొన్ని మిషన్లు తికమక పడతాయి. కర్సర్ సరైన శిఖరం మీదే పెట్టారో లేదో చూసి చెబుతాను.